గాస్కనీ మిట్టపల్లములు

ఫ్రాన్సు దేశపు నైరుతి మూలను, ఆ దేశమును స్పెయినునుండి వేరుచేయు పిరనీసు పర్వతశ్రేణి పాదమున, లాన్‌మెజాన్ అను పీఠభూమి యొకటి కలదు. అచట పుట్టి ఉత్తరముఖముగా ప్రవహించి గారోన్ నదిలో కలియు బాయీజ్, జెర్స్, జిమోన్, సావ్ మొదలగు చిన్న యేరులు, విసనకర్ర పుల్లలవలె ఒక్క పిడినుండి బయలుదేరి దూరము పోయిన కొలది ఎడమై, ప్రాచీనమైన గాస్కనీ సీమనంతయు సన్నని లోయలుగను, వాని నడుమ పొడవైన గట్లుగను విభజించినవి. లోయ యడుగునుండి గట్టు నెత్తికి గల యెత్తు సాధారణముగా నూరు మీటర్లకు లోపలనో, కొంచె మించియో యుండును. ఆల్ప్సు కనుమలకువలె పేరు ప్రతిష్ఠలు గల కనుమ యొక్కటియు నిచట లేదు. పటమును చూచినవాడు ఇదియెల్ల సుకుమారమైన నేలయే గదా యని సంతోషించును. కాని పడమటి కొసనున్న లాబాస్తీద్ దార్మాన్యాక్ అను గ్రామమునుండి తూర్పున నున్న లెక్తూర్ పట్టణమునకు, సుమారు 80 కిలోమీటర్ల దూరము, సైకిలెక్కి పోవువాడు ఏడెనిమిది లోయలు దిగి, అన్నిమారులు గట్లెక్కి, సాయంకాలమునకు ఒక మోస్తరు కొండను మోకాళ్ళతో కొలిచినవాడగును.

సైకిలు తొక్కువారి శ్రమను గూర్చి వ్రాయువారు సామాన్యముగా ఎక్కిన యెత్తునే లెక్కింతురు. ఈ సీమ విషయమున ఆ లెక్క చాలదని నా యభిప్రాయము. ఇచట ఎత్తు కంటె దిక్కు ముఖ్యము. ఒకే త్రోవ, ఒకే యెత్తు, తొక్కువాడు సైతము ఒక్కడే. అయినను తూర్పునకు పోవునపుడు వానికి ఒక తీరు పరీక్షయు, పడమరకు మరలునపుడు వేరొక తీరు పరీక్షయు నగుచున్నది. దీనికి కారణము నేలలో నున్నది గనుక మొదట నేల సంగతి చెప్పవలెను.

పిరనీసు పర్వతములు పైకి లేచిన నాటినుండియు వర్షములును, ప్రవాహములును వానిని అరగదీయుచునే యున్నవి. ఆ యరుగుడు మన్ను, ఇసుక, గులకరాళ్ళు, బంకమన్ను కోటానుకోట్ల టన్నులుగా ఉత్తరపు పల్లమునకు కొట్టుకొని వచ్చి, పొరమీద పొరగా పేరుకొనినది. ఇట్లు పర్వతపాదమున కూడిన మెత్తని శిలాసముదాయమును భూగర్భశాస్త్రజ్ఞులు మొలాస్ అందురు. అందు నడుమ నడుమ, పూర్వకాలపు మడుగులలో తయారైన సున్నపురాతి పలకలు గట్టిగా, తెల్లగా చొచ్చుకొని యున్నవి. ఓష్ నగర సమీపమున నున్న సాన్సాన్ అను పల్లెలో, 1830ల దశకమున, న్యాయశాస్త్రము చదివి శిలాజముల వెంట పడిన ఎడ్వర్డ్ లార్తే అను నాతడు ఈ పొరలను త్రవ్వించి, లుప్తమైన ఏనుగు జాతుల దంతములతోపాటు ఒక వానరపు దవడను వెలికి దీసెను. వానరజాతి శిలాజరూపమున దొరకనే దొరకదని పెద్ద పండితులు నమ్ముచున్న దినములలో ఆ దవడ గొప్ప కలవరము పుట్టించినది. నేడు ప్రొద్దుతిరుగుడు చేల నడుమ సైకిలుపై పోవువానికి, తన చక్రముల క్రింద సుమారు కోటియేబది లక్షల యేండ్లనాటి వెచ్చని చిత్తడినేల అడగియున్నదని తోచుటకు ఆనవాలేదియు పైకి కనబడదు.

ఆ మెత్తని నేలను ఏరులు కోసినవి. వింత యేమనగా, ఆ కోతలు రెండువైపుల సమానముగా లేవు. ఉత్తరముగా పారు ప్రతి యేటికిని కుడిగట్టు, అనగా తూర్పుననుండి పడమరకు ముఖము చేసియున్న గట్టు, పొట్టిగా నిలువుగా నుండును; ఎడమగట్టు పొడవుగా, ఏటవాలుగా, ఎక్కడ మొదలైనదో తెలియని రీతిగా లేచును. ఒక లోయ కాదు, రెండు లోయలు కాదు, సీమయంతటను ఇదే వరుస. మంచుయుగములలో పడమటి గాలులు మంచును, సన్నని దుమ్మును మోసికొనివచ్చి గాలిమరుగైన తూర్పుముఖపు వాలులపై దింపుచుండెననియు, ఎండకాలమున ఆ మంచు కరిగి నానిన మన్ను మెల్లగా జారి యేటిని తూర్పునకు నెట్టుచు వచ్చెననియు, అట్లు నెట్టబడిన యేరు ఎదుటి గట్టు మొదలును కోసి నిలువు చేసెననియు ఎక్కువమంది చెప్పు కారణము. కొందరు దీనికి వేరు కారణములను సైతము చేర్చుదురు. ఈ విషయమున శాస్త్రజ్ఞులు ఇంకను ఏకవాక్యతకు రాలేదు. కారణ మేదైనను ఫలితము సేద్యగాండ్రకు పూర్వమే తెలియును. నిలువు గట్టుపై సున్నము కలిసిన బరువైన బంకనేల, వాలుగట్టుపై తేలికైన ఒండ్రునేల. రెంటికిని వారి భాషలో వేరువేరు పేర్లు, వేరువేరు పంటలు కలవు.

మరియొక విశేషము. పీఠభూమిని పేర్చిన నెస్త్ అను నది కాలక్రమమున దారి మార్చుకొని తూర్పునకు తిరిగి గారోన్‌లో కలిసిపోగా, ఈ యేరులన్నియు మూలజలము లేని యనాథలైనవి. వేసవిలో ఇవి ఎండిపోవుచుండుటచే, 19వ శతాబ్దమున నెస్త్ నుండి కాలువ త్రవ్వి వీనికి నీరు అందించిరి. వంతెనపైనుండి సైకిలువాడు చూచు బాయీజ్ నీటిలో మనుష్యప్రయత్నము పాలెంతో కలదు.

ప్రాచీనులు ఈ నేల స్వభావమును మనకంటె ముందే పసిగట్టిరి. పిరనీసునుండి గారోన్ తీరమునకు పోవు తెనారెజ్ అను మిక్కిలి పురాతనమైన త్రోవ యొకటి కలదు. అది పడమట ఆదూర్ నదికి పోవు నీటిని, తూర్పున గారోన్‌కు పోవు నీటిని వేరుచేయు గట్టు వీపును పట్టుకొని ఉత్తర దక్షిణములుగా సాగుచు, ఒక్క యేటినైనను దాటదని ప్రసిద్ధి. వంతెన కట్టు విద్య కొరవడిన కాలమున, పశువుల మందలను తోలుకొనిపోవువారికి ఇంతకు మించిన మార్గము లేదు. పుల్లల వెంబడి నడచువానికి విసనకర్ర చదునైనదే. పుల్లలకు అడ్డముగా నడచువానికే దాని మడతలు తగులును. స్పెయినులోని సాంతియాగోకు పోవు క్రైస్తవ యాత్రికులు మాత్రము ఈ మడతలకు అడ్డముగానే నడచిరి. లార్రెసాంగ్ల్ గ్రామమునకు చేరువను ఓస్ అను యేటిపై వారికొరకు కట్టిన ఆర్తిగ్ వంతెన నేటికిని నిలిచియున్నది. మన సైకిలువానిది సైతము యాత్రికుల మార్గమే, అనగా కష్టమైనదే.

ఇప్పుడు లెక్కకు వత్తము. మనుష్యుడును సైకిలును కలిసి 85 కిలోల బరువనుకొందము. చదునైన రోడ్డుపై వానిని ఆపునవి రెండు. టైరు నేలపై దొర్లునపుడు నలుగుటవలన కలుగు నిరోధము నాలుగువందల గ్రాముల బరువునకు కొంచె మెక్కువ. ఇది వేగముతో పెద్దగా మారదు. రెండవది గాలి. గంటకు 20 కిలోమీటర్ల వేగమున అది ముప్పాతిక కిలో బలముతో వెనుకకు నెట్టును; 30 కిలోమీటర్ల వేగమున 1.7 కిలోలు. వేగము ఒకటిన్నర రెట్లయినపుడు నిరోధము రెండుంబావు రెట్లగుట వేగపు వర్గమునుబట్టి గాలి యెదురించుటచేతనే. మూడవదియగు భూమ్యాకర్షణ చదునుపై ఊరకుండును; వాలు రాగానే మేల్కొనును. నూటికి 5 వాలున అది నాలుగుంబావు కిలోలు, నూటికి 8 వాలున దాదాపు ఏడు కిలోలు. గాలియు టైరును కలిసి చేయు అల్లరి దీనియెదుట లెక్కకు రాదు.

అలవాటుపడిన సామాన్యుడు గంటల తరబడి ఇయ్యగల శక్తి 130 వాట్లనుకొందము. ఆ శక్తితో వాడు గాలిలేని చదునుపై గంటకు సుమారు 27 కిలోమీటర్లు పోగలడు. ఇక గాస్కనీ గట్టు నొకదానిని కాగితముపై గీయుదము. ఎత్తు 80 మీటర్లు; పడమటి ముఖము నూటికి 8 వాలుతో ఒక కిలోమీటరు; తూర్పు ముఖము నూటికి 2 వాలుతో నాలుగు కిలోమీటర్లు. తూర్పునకు పోవువాడు మొదట నిలువు ముఖము నెక్కవలెను. అందు వాని వేగము గంటకు ఆరున్నర కిలోమీటర్ల చిల్లర, కాలము తొమ్మిది నిమిషములు. పిదప నాలుగు కిలోమీటర్ల మెల్లని దిగుడు. 130 వాట్లు ఇచ్చుచునే దిగినచో వేగము 37 కిలోమీటర్లు, కాలము ఆరున్నర నిమిషములు. మొత్తము పదునైదున్నర. పడమరకు పోవువాడు అదే గట్టును తూర్పు ముఖమున గంటకు 18 కిలోమీటర్ల వేగముతో పదుమూడున్నర నిమిషములలో ఎక్కి, నిలువు ముఖమున బ్రేకు పట్టుచు నిమిషమున్నరలో దిగును. మొత్తము పదునైదు. చదునైన త్రోవయైనచో ఈ యైదు కిలోమీటర్లకును పదునొకండు నిమిషములే చాలియుండెను. గట్టు తన సుంకముగా నాలుగు నిమిషములు పుచ్చుకొనును. దిగుడు దానిని తిరిగి చెల్లించదు. ఏలననగా, దిగునపుడు భూమి యిచ్చు శక్తిలో అధికభాగమును గాలి మ్రింగివేయును.

ఎటుపోయినను కాలము ఇంచుమించు సమానమని తేలినది గదా, ఇక దిక్కు మాట యెందులకని చదువరి యడుగవచ్చును. గడియారము భేదము చూపదు; భేదము చూపునది మోకాలు. పడమరకు పోవువాడు నాలుగు కిలోమీటర్ల దూరము ఊపిరి చెడకుండ, ఒకే లయతో తొక్కును. తూర్పునకు పోవువాడు అంతే శక్తిని మనుష్యుడు నడచుదానికంటె కొంచెమే యెక్కువైన వేగమున వెచ్చింపవలెను. ఇక్కడనే గేర్ల ప్రశ్న పుట్టుచున్నది. పూర్వపు ఒంటిగేరు సైకిలులో పెడలు ఒక్క చుట్టు తిరిగిన చక్రము అయిదు మీటర్లు పోవుననుకొనిన, ఆ నిలువు వాలున నిమిషమునకు ఇరువదిరెండు చుట్లు మాత్రమే తిరుగును. ఒక్కొక్క చుట్టున పెడలుపై సగటున 34 కిలోల బలము మోపవలెను. కండరము అంత నెమ్మదిగా, అంత బరువుగా పనిచేయుటకు ఇష్టపడదు; నిమిషమునకు డెబ్బది మొదలు తొంబది చుట్లు దానికి హాయి. ముందు పళ్ళచక్రమునకును వెనుక పళ్ళచక్రమునకును సమానముగా 34 పళ్ళున్నచో, ఒక్క చుట్టునకు చక్రము 2.1 మీటర్లే పోవును, చుట్లు ఏబదిరెండగును, పెడలుపై బలము 14 కిలోలకు దిగును. చేసిన పని ఒక్కటే, మోకాలు పడిన బాధ వేరు.

ఈ సంగతిని ఫ్రాన్సు దేశమునకు బోధించుటకు తన జీవితమునే వెచ్చించినవాడు పోల్ ద వివీ. 1853లో జన్మించి, సాంతెతియెన్ నగరమున పట్టు వర్తకము చేసి, దానిని విడిచి సైకిళ్ళ వ్యాపారమునకు దిగి, 1887లో ఒక సైకిలు పత్రికను స్థాపించి, వెలోసియో అను పేరుతో వ్రాసిన యీ శాకాహారి, కొండలలో పగలనక రాత్రియనక తిరిగి, మారుగేర్లు సోమరుల సాధనము కాదనియు శరీరధర్మమునకు అనుకూలమైనవనియు చూపెను. ఎదుటి పక్షమున నున్నవాడు 1903లో టూర్ ద ఫ్రాన్స్ పందెమును నెలకొల్పిన హెన్రీ దెగ్రాంజ్. యంత్రము కాదు, మనుష్యుడు గెలువవలెనని ఆతని పట్టు. అందుచేత పందెగాండ్రు చాలకాలము కొండ మొదట దిగి, వెనుక చక్రమును ఊడదీసి, రెండవ వైపుననున్న పళ్ళచక్రము గొలుసునకు వచ్చునట్లు త్రిప్పి బిగించుకొని ఎక్కవలసి వచ్చెను. 1930లో వెలోసియో ట్రాము క్రింద పడి మరణించెను. దెగ్రాంజ్ అస్వస్థుడై పందెపు పగ్గములు విడిచిన పిమ్మట, 1937లోగాని గొలుసు మార్చు డెరైలరు ఆ పందెమున అందరికిని అనుమతింపబడలేదు. ఆ సంవత్సరము గెలిచిన రోజె లపేబీ ఈ నైరుతి ప్రాంతపు బయోన్‌లో పుట్టినవాడే. పౌరుషమునకు బాధ కొలమానమని నమ్మువారు అన్ని కాలములందును కలరు. నాకు మాత్రము వెలోసియో పక్షమే ధర్మమని తోచును.

గట్టు చిన్నదైనచో గేరుతో పనియే యుండదు. గంటకు 36 కిలోమీటర్ల వేగముతో దిగివచ్చు సైకిలులో దాగియున్న చలనశక్తి, పెడలు త్రొక్కకయే, అయిదు మీటర్ల యెత్తునకు దానిని లేవనెత్తగలదు. 54 కిలోమీటర్ల వేగమైనచో పదునొకండు మీటర్ల పైచిలుకు. కావున గట్టు వీపున వచ్చు చిరుమిట్టలను సైకిలు తనంతట తానే దాటిపోవును. కాని ఎనుబది మీటర్ల గట్టునకు ఆ పెట్టుబడి మొదటి మలుపు దాకనైనను చాలదు. అందునను వంతెనలు ఇరుకు, మలుపులు దగ్గర. గ్రామస్థుని ట్రాక్టరొకటి ఎదురైనచో కూడబెట్టిన వేగమంతయు బ్రేకుల వేడిగా మారి గాలిలో కలియును.

నిలువు గట్టు నెత్తిపై ఊరుండుట ఈ దేశపు ఆచారము. సైకిలువానిని పీడించుటకు అట్లు కట్టలేదు గాని, కారణము నేలదే. మొలాస్ నడుమ చొచ్చుకొనిన సున్నపురాతి పలక గట్టు అంచున బయటపడును. అది కూలని పునాది యగును, ఇంటికి రాయియు నగును. లెక్తూర్ అట్టిది: జెర్స్ నదికి తూర్పున నూరు మీటర్ల పైని నిలిచి, నిర్మలమైన దినమున దక్షిణమున పిరనీసు హిమశిఖరములను చూచుచుండును. లార్రెసాంగ్ల్ అంతకంటె మిక్కిలి చిన్నది. కోందోం పీఠపు మతాధిపతులు కట్టుకొనిన ఆ ప్రాకారవలయములో నాలుగు ఇండ్లు, ఒక దేవాలయము, ఒక శిథిల దుర్గము తప్ప వేరు లేదు.

13, 14 శతాబ్దులలో ఈ సీమయందు మరియొక విధమైన ఊళ్ళు పుట్టినవి. ప్రభువును మఠమును, లేక ప్రభువును రాజును, ఒడంబడిక చేసికొని, అడవి నరికించి, తాడుపట్టి వీధులను చదరములుగా గీయించి, నడుమ అంగడి మైదానము విడిచి, వచ్చినవారికి ఇంటిస్థలమును, కొన్ని స్వేచ్ఛలను వాగ్దానము చేసిరి. బాస్తీదులని పేరుగాంచిన యిట్టి క్రొత్త ఊళ్ళు నైరుతి ఫ్రాన్సులో మూడువందలకు పైగా వెలసినవి. వలసజనులను ఆకర్షించుటకు వానికి మహానగరముల పేర్లు పెట్టిరి. ఫ్లారెన్సును తలపించు ఫ్లోరాన్స్, ఇటలీలోని పావియాను తలపించు పావీ, జర్మనీ కొలోనును తలపించు కొలోన్, స్పెయిను బార్సిలోనాను తలపించు బార్సెలోన్ అన్నియు ఈ చుట్టుప్రక్కలనే కలవు. పేరు చూచి వచ్చి బురద చూచి నిలిచిపోయిన కుటుంబము లెన్నో గదా! 1255 నాటి మోన్‌రెయాల్ చదరపు కట్టుబడికి మంచి మాదిరి. దానికి కొలది దూరముననే ఉన్న ఫూర్సేస్ మాత్రము, పూర్వమొక కోట యుండిన చోటిని చుట్టి, గుండ్రముగా నిలిచినది. అంగడి చుట్టును ఇండ్ల క్రింది భాగమున సాగు కమానుల వసారాలలో ఎండవేళ సైకిలు ఆనించి కూర్చుండుటకు మించిన సుఖము ఈ ప్రయాణమున లేదు. అయితే పండ్రెండు గంటలనుండి రెండు గంటలవరకు దుకాణములన్నియు మూతపడును. రొట్టె కావలసినవాడు అంతకు ముందే కొనుక్కోవలెను. నీటికి ఇక్కడి సైకిలువారెల్లరు ఎరిగిన ఉపాయ మొకటి కలదు: ఊరి శ్మశానము గోడలోపల, పూలమొక్కలకు నీళ్ళు పోయుటకై, సాధారణముగా ఒక కొళాయి యుండును.

ఇన్ని చిన్న గ్రామములకు ఇంత చక్కని తారురోడ్లు ఏల కలిగినవను ప్రశ్నకు సమాధానము 1836 మే నెలలోని ఒక శాసనమున నున్నది. గ్రామముల నడుమ బాటలను బాగుచేయుట ప్రతి గ్రామపు విధిగా ఆ శాసనము నిర్ణయించి, నివాసులనుండి ఏటికి మూడు దినముల శ్రమను, లేదా దానికి బదులు సొమ్మును గ్రహించుటకు అధికార మిచ్చినది. అట్లు పరచుకొనిన చిన్న బాటల వలయముచేతనే ఫ్రాన్సు రహదారుల మొత్తము పొడవు నేడు పది లక్షల కిలోమీటర్లు మించియున్నది. జెర్స్ జిల్లాలో చదరపు కిలోమీటరునకు జనులు ముప్పదిమందియే గనుక, పసుపు తల గల మైలురాళ్ళతో సాగు ఆ జిల్లా బాటలపై గంటకొక మోటారైన కనబడని వేళలు కలవు. మిషెలిన్ పటములలో ఈ బాటలపై చిన్న బాణపుములుకులు గీసియుండును: ఒక ములుకు నూటికి 5 మొదలు 9 వరకు వాలు, రెండు ములుకులు 13 వరకు, మూడు అంతకు మించి. పటము కొన్నవాడు ఊళ్ళ పేర్లకంటె ముందుగా ఆ ములుకులను చదువుట మేలు.

తారు చల్లి, పైని చిన్న కంకర పరచి, బండ్లచేత త్రొక్కించి వదలుట ఈ బాటల మరమ్మతు పద్ధతి. క్రొత్తలో కంకర జారును. తరువాతను ఉపరితలము గరుకే. ఇట్టి నేలపై టైరును రాయివలె గాలి నింపుకొనుట పూర్వపు మూఢనమ్మకము. బిగిసిన టైరు ప్రతి గులకపై ఎగిరి, సైకిలును మనుష్యుని దేహమును కంపింపజేయును. ఆ కంపనమున వ్యయమగు శక్తి తొక్కినవానిదే. కొంచెము వెడల్పైన టైరు, కొంచెము తక్కువ గాలి, ఈ బాటలకు తగినవి. 1888లో డన్‌లప్ అను నాతడు గాలిటైరును సైకిలునకు తెచ్చినది కంపనమును తగ్గించుటకే యని మరచి, దానిని ఇనుముగా మార్చుకొనుట వింత గదా.

130 వాట్ల పనికి శరీరము గంటకు సుమారు 450 కేలరీల ఆహారమును దహించును. అందు నాలుగింట ఒక పాలు మాత్రమే పెడలునకు చేరి, మూడు పాళ్ళు వేడిమియై చెమటలో పోవును. కండరములందును కాలేయమునందును నిలువయుండు పిండిశక్తి నాలుగైదు గంటలకు మించి రాదు. అది యొక్కసారి తరిగినచో చదునైన నేల సైతము గోడవలె నిలుచును. ఆకలి కాకముందే తినుము, దప్పి కాకముందే త్రాగుమని వెలోసియో చెప్పిన హితవు మరువదగినది కాదు. పొరుగున నున్న ఆజాన్ ప్రాంతపు ఎండు ఆల్బుఖారా పండ్లు జేబులో వేసికొనుటకు అనుకూలము. ఈ సీమకు పేరు తెచ్చిన ఆర్మాన్యాక్ అను ద్రాక్షసారాయమును మాత్రము సాయంకాలమునకు నిలుపుట శ్రేయము. 1973లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన లూయిస్ ఒకాన్యా, స్పెయినులో జన్మించినను, పందెములు మానిన పిమ్మట ఈ సీమలోనే ద్రాక్షతోట పెంచి ఆర్మాన్యాక్ చేయించెను. లాబాస్తీద్ దార్మాన్యాక్ చెంత, 1959లో ఒక మతగురువు పూనికచే సైకిలువారికే అంకితమైన మధ్యయుగపు చిన్న దేవాలయము కలదు. దాని గోడలనిండ విజేతల చొక్కాలు వ్రేలాడుచుండును.

లెక్తూర్‌లో తెలుగువాడు ఒక్క నిమిషము నిలువవలసిన కారణ మున్నది. తులూజ్ చుట్టుప్రక్కల సీమలో 15, 16 శతాబ్దులలో పాస్తెల్ అను మొక్క ఆకులను నూరి, ఉండలు కట్టి, పులియబెట్టి నీలిరంగు తీసి వర్తకులు మేడలు కట్టిరి. తూర్పు సముద్రపు దారిని మన దేశపు నీలిమందు రాసాగిన పిదప ఆ వ్యాపారము క్షీణించెను. మతయుద్ధములు దానిని మరింత కృంగదీసినవి. 17వ శతాబ్దమున మచిలీపట్నమునుండి డచ్చివారు ఓడలకెత్తిన సరకులలో నీలిమందు ఒకటి. రెండు మొక్కలును వేరైనను, ఆకులలోనుండి తేలు రంగు అణువు ఒక్కటే. మన నీలిమొక్కలో అది మరింత సమృద్ధి. 1990ల దశకమున లెక్తూర్‌లో కొందరు పాస్తెల్ అద్దకమును పునరుద్ధరించిరి.

ఇక మిగిలినది తిరుగు ప్రయాణము, దానితోపాటు గాలి. ఈ సీమలో ఆగ్నేయమునుండి ఓతాన్ అను వేడిగాలి అప్పుడప్పుడు వీచినను, తరచుగా వీచునది పడమటిగాలియే. గంటకు 15 కిలోమీటర్ల సామాన్యమైన గాలి ననుకొని, మన కాగితపు గట్టును మరల ఎక్కుదము. తూర్పునకు పోవువానికి నిలువు ముఖమున ఆ గాలి సాయము కొద్దిపాటిదే. నెమ్మదిగా పోవువానిని గాలి గట్టిగా నెట్టజాలదు. కాని మెల్లని దిగుడున వాని వేగము ఏబది కిలోమీటర్లకు పెరిగి, మొత్తము కాలము పదునైదున్నర నిమిషములనుండి పదుమూడున్నరకు తగ్గును. పడమరకు పోవువాడు నాలుగు కిలోమీటర్ల మెల్లని యెక్కుడునందు 18కి బదులు 13 కిలోమీటర్ల వేగమున ఈడ్చుకొనిపోయి, మొత్తముమీద పందొమ్మిదిన్నర నిమిషములు తీసికొనును. గాలి లేనినాడు సమానముగా నిలిచిన రెండు దిక్కులు ఇప్పుడు ఆరు నిమిషముల ఎడమైనవి. ఒక్క గట్టునకే ఆరు, అట్టివి ఏడెనిమిది. పైని చెప్పిన సిద్ధాంతము నిజమైనచో, లోయలను వంకర చేసినదియు, ఆ వంకరలను సైకిలువానిపై ప్రయోగించునదియు ఆ పడమటిగాలి యొక్కటే. నేల యెండకు కాగిన కొలది గాలి బలపడును గనుక, వేకువను అది మందముగా నుండును, మధ్యాహ్నము దాటిన పిమ్మట లేచును. అందుచేత ఈ త్రోవను పోగోరువాడు లెక్తూర్‌లో రాత్రి బస చేసి, తెల్లవారకముందే పడమరకు బయలుదేరి, మెల్లని యెక్కుడులన్నింటిని గాలి లేవకముందే ముగించుకొని, లాబాస్తీద్‌లో ఒక పూట విశ్రమించి, నిలువు గట్లకు సరిపడు చిన్న గేరుతో సాయంకాలపు గాలిని వీపున పెట్టుకొని మరలుట యుక్తము.